వీసా అడిగే టీకా, ఒంటికి కావాల్సిన టీకా

మసాయి మారాలో సింహాలు చూసి రావాలని హైదరాబాదు నుంచి ఒక కుటుంబం కెన్యా వెళ్లిందనుకుందాం. నేరుగా కెన్యా రాజధాని నైరోబీలో దిగితే అక్కడి అధికారులు ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరానికి వేసే టీకా గురించి అడగకపోవచ్చు. ఇండియాలో ఆ జబ్బు లేదు కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లేవాళ్ల వల్ల కెన్యాకు భయం లేదు. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. కెన్యాలో ఆ జబ్బు ఉంది కాబట్టి, వారం తర్వాత ఇండియాలో దిగగానే ఆ టీకా వేయించుకున్నట్టు రుజువుగా పసుపురంగు టీకా పుస్తకం చూపించమంటారు. అది లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం మన అధికారులకు ఉంది. జ్వరం లేదు, ఒంట్లో బాగానే ఉంది అన్నా వినరు. అంటే ఆ కాగితం అడుగుతున్నది పరాయి దేశం కాదు, సొంత దేశమే.

విదేశాలకు వెళ్లే ముందు టీకాల గురించి మన ఇళ్లల్లో జరిగే మాటలు సాధారణంగా ‘ఏమేం అడుగుతారు?’ అన్న ప్రశ్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. ఏ దేశమైనా టీకా అడిగేది తన జనాన్ని కాపాడుకోవడానికి. వచ్చేవాడికి ఏ జబ్బు వస్తుందన్నది ఆ దేశం లెక్కలో చివరి విషయం. అందుకే అడిగే టీకాలు వేరు, అవసరమైన టీకాలు వేరు. అప్పుడప్పుడు రెండూ కలుస్తాయి, చాలాసార్లు కలవవు.

ఎల్లో ఫీవర్ విషయంలో ఇండియా ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం మన ఇంటి వెనక నీళ్ల తొట్టిలోనే ఉంది. డెంగీని మోసుకొచ్చే ఈడిస్ ఈజిప్టై దోమే ఎల్లో ఫీవర్‌నూ మోస్తుంది. దోమ వల్లే ఈ జబ్బు పాకుతోందని క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే 1881లో చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1900లో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం హవానాలో ప్రయోగాలు చేసి అది నిజమేనని తేల్చింది. ఆ బృందంలోని జెస్సీ లజియర్ అదే జబ్బుతో చనిపోయాడు. అంటే మన దగ్గర దోమ ఉంది, టీకా వేయించుకోని కోట్ల మంది జనం ఉన్నారు, లేనిదల్లా వైరస్ ఒక్కటే. అది ఒక ప్రయాణికుడి రక్తంలో వచ్చి ఇక్కడి దోమకు అంటితే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడాలనుకోరు. దోమ కుట్టాక లక్షణాలు బయటపడటానికి 3 నుంచి 6 రోజులు పడుతుంది. క్వారంటైన్ గడువు 6 రోజులు అవడం అందుకే.

ఇది ఊహాజనితమైన భయం అనుకోవడానికి లేదు. 2015 చివర్లో అంగోలా రాజధాని లువాండాలో ఎల్లో ఫీవర్ చెలరేగింది. అక్కడ పనిచేసి చైనాకు తిరిగొచ్చిన వారిలో 11 మందికి 2016లో ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. ఆసియాలో ఎల్లో ఫీవర్ రోగులు కనిపించడం అదే మొదటిసారి. అదృష్టం కొద్దీ అది అక్కడితో ఆగింది. టీకా వేయించుకోకుండా ఏజెంటు తెచ్చిచ్చే దొంగ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కేవాళ్లు ఆ పదకొండు మందిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇమిగ్రేషన్ కౌంటర్‌ను మోసం చేయొచ్చు గానీ దోమను చేయలేం.

టీకా కథ కూడా ఆసక్తిగానే ఉంటుంది. మాక్స్ థైలర్ అనే శాస్త్రవేత్త 1937లో వైరస్‌ను బలహీనపరిచి 17డి అనే రకాన్ని తయారుచేశాడు. దానికి 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ వేస్తున్నదీ ఆ వంశానికి చెందిన టీకానే. కోడిగుడ్లలో పెంచుతారు కాబట్టి గుడ్డుతో తీవ్రమైన ఎలర్జీ ఉన్నవాళ్లకు పనికిరాదు. 9 నెలలు నిండని పసివాళ్లకు మామూలుగా వేయరు. 60 దాటినవాళ్లకు అరుదుగానైనా తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, కాబట్టి ప్రయాణం నిజంగా అవసరమా అన్నది డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకూ ఇదే మాట. టీకా వద్దని డాక్టర్ రాసిచ్చిన కాగితాన్ని కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి, అన్నీ ఒప్పుకుంటాయన్న హామీ లేదు.

హైదరాబాదులో ఈ టీకాకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అంటే అందరూ ఐపీఎం అనే చోటికి వెళ్తారు. విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ కార్యాలయం ఉంది. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకుని అక్కడి ముద్ర పడితేనే సర్టిఫికెట్ చెల్లుతుంది. వీధి చివర క్లినిక్‌లో వేయించుకుంటే ఒంటికి మేలు జరగొచ్చేమో గానీ కాగితానికి విలువ ఉండదు. ఒక్కో సీసాలో చాలా డోసులు ఉంటాయి, తెరిచాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. కేంద్రాలు వారంలో కొన్ని రోజులే పెట్టుకుని, ముందే పేర్లు నమోదు చేసుకోమనడానికి కారణం ఇదే. విమానానికి రెండు రోజుల ముందు పరిగెత్తితే దొరకకపోవచ్చు. దొరికినా లాభం లేదు, ఎందుకంటే సర్టిఫికెట్ అమల్లోకి వచ్చేది టీకా వేసిన 10 రోజుల తర్వాతే. ఒంట్లో రక్షణ తయారవడానికి అంత సమయం పడుతుంది.

ఒక మంచి మార్పు చాలామందికి ఇంకా తెలియదు. ఒకప్పుడు ఈ సర్టిఫికెట్ 10 ఏళ్లకే చెల్లేది. 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుతుంది. పాత పుస్తకంలో గడువు తేదీ రాసి ఉన్నా సరే. కాబట్టి ఆ పసుపు పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటే దాచుకోవడం మంచిది. అన్నట్టు, ఎల్లో ఫీవర్‌కూ మన పచ్చకామెర్లకూ సంబంధం లేదు. రెండింట్లోనూ కళ్లు పచ్చబడతాయి, అంతే. కామెర్లకు టీకా వేయించుకున్నాం కదా అని హెపటైటిస్ కాగితం పట్టుకుని బయల్దేరితే ఆ కాగితం ఇక్కడ పనికిరాదు.

విమానం మారే చోటు కూడా లెక్కలోకి వస్తుందని గుర్తుపెట్టుకోవాలి. జొహానెస్‌బర్గ్ వెళ్లాలి, దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ దేశం కాదు, ఇంకేం గొడవ అనుకుంటారు. కానీ టికెట్ చవకని అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్లి, అక్కడ 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా సర్టిఫికెట్ అడుగుతుంది.

ఇక తెలుగు ఇళ్లల్లో విదేశీ ప్రయాణమంటే ముందుగా గుర్తొచ్చేది అమెరికా చదువు. విద్యార్థి వీసా ఇచ్చే అధికారి టీకాల ఊసెత్తడు. అడిగేది యూనివర్సిటీ. చాలా యూనివర్సిటీల్లో టీకా కాగితాలు పూర్తికాకపోతే రిజిస్ట్రేషన్ ఆపేస్తారు. ‘చిన్నప్పుడు అన్నీ వేయించాం’ అని అమ్మ అంటుంది. ఆమె చెప్పింది నిజమే. అయినా ఆ టీకాలు అక్కడి లెక్కకు రాకపోవచ్చు. ఎందుకో కాస్త వివరంగా చూడాలి.

అమెరికా యూనివర్సిటీలు అడిగే ముఖ్యమైన టీకా ఎంఎంఆర్. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, ఈ మూడింటికీ కలిపి వేసేది. రెండు డోసులు కావాలి. మొదటిది మొదటి పుట్టినరోజు దాటాకే పడాలి, రెండింటి మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. మన ప్రభుత్వ పట్టికలో తట్టు టీకా 9వ నెలలోనే వేస్తారు. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన రక్షణ ఇంకా కొంత మిగిలి ఉండటం వల్ల ఆ వయసులో టీకా అందరిలోనూ పూర్తిగా పట్టదని అమెరికా లెక్క. తట్టు ఎక్కువగా తిరిగే చోట ఏడాది నిండేదాకా ఆగితే పిల్లలే పోతారని మన లెక్క. ఎవరి పరిస్థితికి వాళ్ల లెక్క సరైనదే. కానీ 9వ నెల డోసు అక్కడి ఫారంలో ఖాళీగానే మిగిలిపోతుంది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్లలోపు పిల్లలకు బడుల్లోనే టీకాలు వేశారు. ఇప్పుడు ఎంఎస్‌కు వెళ్తున్న వయసు వాళ్లలో చాలామందికి అప్పుడు వేసే ఉంటారు. కానీ అది ఎంఎంఆర్ కాదు, ఎంఆర్. తట్టు, రుబెల్లా మాత్రమే. గవదబిళ్ళల టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు. ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గర వేయించుకున్నవాళ్లకు ఎంఎంఆర్ పడి ఉండొచ్చు. ఆ కార్డు ఇంకా ఉంటే అదృష్టమే. ఇల్లు మారినప్పుడో వరదలోనో పోయిన కార్డుల సంగతి చెప్పక్కర్లేదు. కార్డు లేకపోతే రక్తపరీక్షలో మూడింటికీ యాంటీబాడీలు ఉన్నాయని చూపిస్తే చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. అయితే మూడింటిలో ఏ ఒక్కటి తక్కువ వచ్చినా మళ్లీ టీకా తప్పదు. సమయం ఉంటే నేరుగా రెండు డోసులు వేయించుకోవడమే తేలిక. ఇంతకుముందు పడి ఉన్నా మరో డోసు వల్ల నష్టం లేదు. గర్భంతో ఉన్నవాళ్లకు మాత్రం ఈ టీకా వేయకూడదు. డిపెండెంట్ వీసా మీద వెళ్లే భార్య విషయంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సమయం ఉంటే అన్న మాట దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. వీసా స్టాంపింగ్ జూలైలో అవుతుంది, అప్పటిదాకా ఎవరికీ టీకాల ధ్యాస ఉండదు. ఆగస్టు 10న రెండో డోసు పడాలంటే మొదటిది జూలై 13కల్లా అయిపోవాలి. పైగా యూనివర్సిటీలు అడిగే టీబీ పరీక్ష ఒకటి ఉంది. ఎంఎంఆర్ వేయించుకున్నాక కొన్ని వారాల పాటు చర్మం మీద చేసే మాంటూ పరీక్ష తప్పుగా నెగెటివ్ చూపించే అవకాశం ఉంది. అందుకని టీబీ పరీక్ష ఎంఎంఆర్‌కు ముందైనా చేయించుకోవాలి, అదే రోజైనా చేయించుకోవాలి. లేదంటే నాలుగు వారాలు ఆగాలి. ఈ వరస తెలియక ముందు టీకా వేయించుకుని, వారం తర్వాత టీబీ పరీక్షకు వెళ్లేవాళ్లే ఎక్కువ.

టీబీ పరీక్షలో పాజిటివ్ వస్తే ఇంట్లో టెన్షన్ మామూలుగా ఉండదు. చిన్నప్పుడు టీబీ రాకుండా మన భుజం మీద వేసిన బీసీజీ టీకా వల్ల కూడా మాంటూలో వాపు వచ్చి, పాజిటివ్ అనిపించొచ్చు. ఇగ్రా అనే రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు, కాబట్టి యూనివర్సిటీ ఏది అడుగుతోందో చూసి, వీలుంటే రక్తపరీక్షే చేయించుకోవడం మేలు. అందులోనూ పాజిటివ్ వచ్చి, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే అర్థం జబ్బు ఉందని కాదు. క్రిములు ఒంట్లో నిద్రపోతున్నాయని. మన దేశంలో ఇలాంటివాళ్లు కోట్లలో ఉన్నారు. చదువు ఆగిపోదు. ఎక్స్‌రే రిపోర్టు వెంట తీసుకెళ్లాలి, అక్కడి డాక్టర్ మందులు వాడమంటే వాడాలి.

ఆటలమ్మకు కూడా రెండు డోసులు అడిగే చోట్లు ఉన్నాయి. చిన్నప్పుడు అమ్మవారు పోసిందని రక్తపరీక్షతో రుజువు చేసినా చాలు. ఇది కూడా ఎంఎంఆర్ లాగే బతికున్న క్రిమితో చేసిన టీకా. ఇలాంటివి రెండుంటే ఒకే రోజు రెండు చేతులకూ వేయించుకోవాలి, లేదా 28 రోజులు ఆగాలి. మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు రాకుండా వేసే టీకా ఎక్కువగా హాస్టల్లో ఉండేవాళ్ల కోసం. టెక్సస్ రాష్ట్రంలో 22 ఏళ్లలోపు విద్యార్థులకు అది చట్టప్రకారం తప్పనిసరి, క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. బీటెక్ అయిపోయి వెళ్లేవాళ్లలో కొందరికి 22 దాటిపోయి ఉంటుంది, ఇంటర్ అవగానే వెళ్లేవాళ్లకు మాత్రం ఇది వర్తిస్తుంది.

పిల్లలు వెళ్లిన కొన్నేళ్లకు తల్లిదండ్రులు బయల్దేరతారు, కూతురి పురిటికో కోడలి పురిటికో. వీళ్లను టీకా అడిగేది ప్రభుత్వం కాదు, పిల్లల డాక్టర్. పుట్టబోయే బిడ్డను ఎత్తుకునేవాళ్లంతా కనీసం రెండు వారాల ముందు టీడాప్ వేయించుకోవాలని అక్కడ చెబుతారు. ధనుర్వాతం, డిఫ్తీరియాతో పాటు కోరింత దగ్గుకు వేసే టీకా ఇది. పెద్దవాళ్లకు వదలని దగ్గుగా కనిపించేది నెలల పసికందుకు ఊపిరి ఆడకుండా చేస్తుంది. అమెరికాలో బిడ్డకు ఈ జబ్బుకు మొదటి డోసు పడేది రెండో నెలలో. అంతదాకా చుట్టూ ఉన్నవాళ్లే కాపలా. మన దగ్గర మెడికల్ షాపులో టీకా అడిగితే టీటీనో టీడీనో చేతిలో పెడతారు. వాటిలో కోరింత దగ్గు భాగం లేదు. టీడాప్ అని స్పష్టంగా రాయించుకుని, బూస్ట్రిక్స్, అడాసెల్ లాంటి పేర్లు చూసి తీసుకోవాలి. చలికాలంలో వెళ్తుంటే ఫ్లూ టీకా కూడా కలపడం మంచిది.

ఈ వయసువాళ్లకు టీకా కంటే మందుల సంచే పెద్ద విషయం. ఆరు నెలలు ఉండేందుకు వెళ్తారు, బీపీ, షుగర్ మాత్రలు ఆరు నెలలకూ మూటకడతారు. అమెరికా కస్టమ్స్ వాళ్లు సొంత వాడకానికి 90 రోజుల మందులను కొలతగా పెట్టుకుంటారు. అంతకు మించితే డాక్టర్ చీటీ చాలా అవసరం. ఆ చీటీలో బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు ఉండాలి. పారాసిటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, మనం డోలో అంటే ఎవరికీ అర్థం కాదు. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, కార్గో చలికి గడ్డకడితే పనికిరాదు, సంచి తప్పిపోతే ఇంకా ప్రమాదం. గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు యూఏఈలో నియంత్రిత మత్తుమందుల కింద లెక్క, ముందస్తు అనుమతి లేకుండా పట్టుబడితే కేసు అవుతుంది. అమ్మ కూరలోకని కట్టిచ్చిన గసగసాల పొట్లం కూడా అక్కడా సౌదీలోనూ నిషేధమే.

గల్ఫ్ పనికి వెళ్లే కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ యువకులకు టీకా కంటే మెడికల్ టెస్టే గండం. అందులో హెపటైటిస్ బి ఒకటి. ఆ టీకా వేసుకున్న తర్వాత రెండున్నర వారాల దాకా, టీకాలోని పదార్థమే రక్తంలో కనిపించి పరీక్ష పాజిటివ్‌గా రావొచ్చు. కాబట్టి టీకా మంచిదే, మెడికల్‌కు ముందు మూడు వారాల్లో మాత్రం వద్దు.

హజ్, ఉమ్రాలకు సౌదీ మెనింజైటిస్ టీకాను తప్పనిసరి చేసింది. కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. 1987లో హజ్ సమయంలో ఆ జబ్బు చెలరేగింది. 2000లో డబ్ల్యూ135 అనే కొత్త రకం వచ్చి యాత్రికులతో పాటు వాళ్ల దేశాలకు పాకింది. అప్పటి నుంచే నాలుగు రకాలకూ పనిచేసే టీకా అడుగుతున్నారు. ఆ నియమం బాగానే పనిచేసింది. కానీ 2024 హజ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. చనిపోయినవారిలో ఎక్కువమంది అనుమతి లేకుండా వెళ్లి, నీడా నీళ్లూ లేని దారిలో మైళ్లకొద్దీ నడిచినవాళ్లు. అడిగిన టీకా వేసుకున్నా ఎండ నుంచి రక్షణ లేదు. గొడుగు, నీళ్లు, గుండె, బీపీ మందుల మోతాదు గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడటం, మధ్యాహ్నం నడక మానుకోవడం, ఇవి ఏ ఫారంలోనూ ఉండవు.

దీనికి అద్దం పట్టినట్టు ఎదురు దిశలో వచ్చే ప్రయాణం ఉంది. అమెరికాలో పుట్టిన పిల్లలను సెలవులకు అమ్మమ్మ ఊరికి తీసుకొస్తారు. ఇండియా వాళ్లను ఏ టీకా అడగదు. ‘మన ఊరే కదా’ అన్న ధీమా తల్లిదండ్రులది. కానీ ఆ పిల్లల ఒంటికి ఇది పరాయి ఊరే. టైఫాయిడ్ టీకా అమెరికా పట్టికలో లేదు. విచిత్రం ఏమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా (పసివాళ్లకూ పనిచేసే కొత్త రకం) తయారయ్యేది హైదరాబాదులోనే, భారత్ బయోటెక్‌లో. 6 నుంచి 11 నెలల పసివాళ్లకు విదేశీ ప్రయాణమైతే ఎంఎంఆర్ ముందుగానే ఒక డోసు వేస్తారు, ఆ డోసు తర్వాత లెక్కకు రాదు. వీధి కుక్కను నిమరడానికి పరిగెత్తే పిల్లలకు రేబిస్ టీకా గురించి కూడా వాళ్ల డాక్టర్‌తో మాట్లాడాలి. ముందే వేయించుకుని ఉంటే, కుక్క కరిచిన తర్వాత గాయం చుట్టూ పొడిచే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) అవసరం ఉండదు, రెండు డోసులతో సరిపోతుంది.

ఎవరూ అడగని జబ్బుల్లో అసలైనది మలేరియా. ఈ జబ్బు దోమ ద్వారానే వస్తుందన్న రుజువు దొరికింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ముందు నుంచే రోజూ వేలమంది వెళ్తుంటారు. అయినా ఆఫ్రికాలోని లాగోస్‌కో కంపాలాకో ఉద్యోగానికి వెళ్లేవాళ్లలో మలేరియా మాత్రలు వేసుకునేవాళ్లు తక్కువే. ‘మలేరియా మనకు కొత్తా?’ అంటారు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారమ్ రకం. అది మెదడుకు చేరితే రోజుల్లో ప్రాణం తీస్తుంది. ప్రపంచంలోని మలేరియా మరణాల్లో దాదాపు మూడో వంతు ఒక్క నైజీరియాలోనే. పాత మలేరియా మందు క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. డాక్టర్ రాసే మందును బట్టి ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందో, రెండు మూడు వారాల ముందో మొదలుపెట్టాలి. తిరిగొచ్చాక కొన్నిటిని ఒక వారం, డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ లాంటివాటిని నాలుగు వారాలు కొనసాగించాలి. ఇల్లు చేరాం కదా అని ఆపేయడమే పెద్ద తప్పు. ఆఫ్రికాలో ఇప్పుడు వేస్తున్న మలేరియా టీకాలు అక్కడి చిన్నపిల్లల కోసం వచ్చినవి, ప్రయాణికుల కోసం కాదు.

తిరిగొచ్చిన నెలకో రెండు నెలలకో జ్వరం వస్తుంది. వానాకాలమైతే డెంగీ అనో వైరల్ అనో అనుకుని ప్లేట్‌లెట్లు లెక్కబెడుతూ కూర్చుంటారు. రోగి నోరు విప్పి ‘ఆఫ్రికా నుంచి వచ్చాను’ అని చెప్పకపోతే డాక్టర్‌కు ఫాల్సిపారమ్ గుర్తుకు రాకపోవచ్చు. ఆ మాట చెప్పి, అదే రోజు మలేరియా స్మియర్, అంటే రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష చేయించుకోవాలి. ఒకసారి నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే, ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లో మళ్లీ చేయించుకోవాలి.